దేవుడి వేన్నీళ్ళు

మా అత్తగారి పూజగదిలో పాకుతున్న బాలకృష్ణుడు ఉండేవాడు. పంచలోహ విగ్రహం, జానెడు కూడా ఉండదు. కుడిచేతిలో వెన్నముద్ద, ముఖం మీద ఎప్పుడూ అదే నవ్వు. ధనుర్మాసం వచ్చిందంటే ఆయనకు చలి వేస్తుందని మా అత్తగారు పెందలాడే లేచి, మడి కట్టుకుని, వంటింటి పొయ్యి మీద నీళ్ళు కాచేది. మోచెయ్యి ముంచి వేడి సరిపోయిందో లేదో చూసుకునేది. అభిషేకం అయ్యాక మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడిచి, కాశీ నుంచి తెప్పించిన ఉన్ని శాలువా ముక్క చుట్టి, పక్కన కుంపటి పెట్టేది.

నాకు దేవుడి మీద నమ్మకం ఎలా పోయిందని అడిగేవాళ్ళు, నేనేదో లావుపాటి పుస్తకం చదివి చెడిపోయాననుకుంటారు. నేను ఏ పుస్తకమూ చదవలేదు. ఆ నీళ్ళలో వేలు పెట్టి చూశాను, అంతే.

మాది మన్యం కొండల్లో, ముంచింగిపుట్టులో కొట్టు. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు, పొగాకు అమ్మేవాళ్ళం. చింతపండు, పసుపు, నూనెకు వలిసెలు కొండవాళ్ళ దగ్గర కొనేవాళ్ళం. మామగారు పోయాక కొట్టు మా ఆయన సర్వేశ్వరరావు చేతికి వచ్చింది గానీ, ఇల్లు మాత్రం మా అత్తగారు చిన్నమ్మలు చేతిలోనే ఉండిపోయింది. నేను విజయనగరం వైపు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఏది ఎక్కడ మైలపడుతుందో నేర్చుకోవడానికే చాలాకాలం పట్టింది. కొండవాళ్ళు కొట్టు గడప దాకా రావచ్చు, నడవలోకి రాకూడదు. వెనక దారిన పెరట్లోకి రావచ్చు, నూతి చప్టా ముట్టుకోకూడదు. వాళ్ళు మోసుకొచ్చిన చింతపండు మాత్రం తిన్నగా వంటింట్లోకి వెళ్ళవచ్చు. అప్పట్లో ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. నేనూ శనివారాలు ఒంటిపూట ఉండేదాన్నే. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాకే నా కడుపు పండిందని నమ్మినదాన్నే.

యాభై ఒకటో సంవత్సరం దసరాలకు బాబు పుట్టాడు. అప్పన్న పేరే పెట్టాం గానీ ఇంట్లో అందరికీ వాడు బుజ్జిబాబు. దీపావళి వెళ్ళిందో లేదో నన్ను చలిజ్వరం పట్టుకుంది. కింద నుంచి వచ్చినవాళ్ళను ఆ కొండల్లో అది అంత తేలిగ్గా వదలదు. క్వినైను మింగి మింగి చెవుల్లో హోరు మిగిలింది, పాలు మాత్రం ఎండిపోయాయి.

ఆవుపాలు పడదామంటే ఆ చుట్టుపక్కల దొరకవు. కొండవాళ్ళు ఆవుల్ని పెంచుతారు గానీ పితకరు. ఆ పాలు దూడవి, మనవెలా అవుతాయంటారు. మా గేదెపాలలో నీళ్ళు కలిపి పడితే వాడు కక్కేశాడు. డబ్బాపాల కోసం విశాఖపట్నం కబురు పెట్టాం. ఆ కబురు ఏ లారీలో వెళ్ళిందో, ఏ ఘాటీలో ఆగిపోయిందో తెలియదు. వాడు ఏడవడం కూడా మానేసి మూలగడం మొదలుపెట్టాక, మా ఆయన వెళ్ళి సోములమ్మను పిలుచుకొచ్చాడు.

సోములమ్మది గెడ్డ అవతలి ఊరు; వాగును అక్కడ గెడ్డ అంటారు. ఆమె మొగుడు గాసి మా కొట్టుకు పసుపు తెచ్చేవాడు. ఆమెకూ చంటిపిల్ల ఉంది, పేరు కనక. మెత్తటి మనిషేమీ కాదు సోములమ్మ. ఉప్పూ, చీరా ముందే ఇస్తే గానీ కూర్చోనని నిలబడింది.

"నా గుంట పాలు మీ గుంటడికి ఇత్తన్నాను. ఉత్తినే ఎవులిత్తారు?" అంది.

నాకు ఆ మాట నచ్చింది. జాలిపడి వచ్చానని అననందుకే నచ్చింది. పెరటి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని బాబును గుండెకు హత్తుకుంది. వాడు గుటకలు వేసే చప్పుడు నా మంచం దాకా వినిపించింది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గుమ్మంలో నిలబడి మా అత్తగారూ కళ్ళు ఒత్తుకుంది.

తరవాత అసలు చిక్కు వచ్చింది. కొండమనిషి ఒళ్ళో పడుకున్న పిల్లాణ్ణి ఇప్పుడు ఇంట్లోకి తేవడం ఎలా?

అదృష్టమో దురదృష్టమో, పురోహితుడు అవధాన్లు గారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన అప్పుడప్పుడు కింద నుంచి వచ్చి, కొండ మీది వర్తకుల ఇళ్ళలో వ్రతాలూ నోములూ చేయించి వెళుతుండేవారు. తాంబూలం నములుతూ తీర్పు చెప్పారు.

"కడుపులోకి వెళ్ళినవి పాలు కదటమ్మా, వాటికి దోషం లేదు. దోషమల్లా ఒంటికి అంటినదానికే. స్నానం చేయించి లోపలికి తీసుకోండి, సరిపోతుంది" అన్నారు.

పసిపిల్లలకు అంటు లేదని మా పుట్టింట్లో అనేవారు. మంచంలోంచే ఆ మాట అన్నాను. "బాలకృష్ణుడు వేంచేసి ఉన్న ఇల్లమ్మా ఇది, ఇక్కడి లెక్క వేరు" అని నవ్వారు.

ఆ లెక్క ఏమిటంటే, పాలు తాగడం అవగానే సోములమ్మ వాణ్ణి నూతి దగ్గర రాతిపలక మీద పడుకోబెట్టి దూరం జరగాలి. మా అత్తగారు అప్పటికప్పుడు నీళ్ళు తోడి, వాడి నెత్తి నుంచి పాదాల దాకా గుమ్మరించి, అప్పుడు ఎత్తుకోవాలి. పెరట్లో కాగునిండా వేన్నీళ్ళు ఉండేవి గానీ, దాని కింద మంట పెట్టేది పనికి వచ్చే కొండపిల్ల. అవి మడికి పనికిరావు. వంటింటి పొయ్యి మీద కాచి తెమ్మని అడిగాను.

"దేవుడికి వండే పొయ్యి మీద అంటు కడగడానికి నీళ్ళు కాస్తారేటే? నీకు జ్వరం తలకెక్కింది" అంది అత్తగారు.

కొండలన్నీ మంచులో మునిగి, ఎదురిల్లు కూడా కనిపించని పొద్దులవి. పాలు తాగి, ఒళ్ళు వెచ్చబడి, మత్తుగా కళ్ళు మూసుకున్న పసివాణ్ణి రాతి మీద పడుకోబెట్టి చన్నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. వాడు పాలు తాగినప్పుడల్లా అదే. మొదట్లో కెవ్వుమనేవాడు. తరవాత తరవాత నోరు తెరిచేవాడు గానీ గొంతు పెగిలేది కాదు. కొన్నాళ్ళకు సోములమ్మ గొంతు వినపడగానే గుక్కపట్టడం మొదలుపెట్టాడు. పాలు అంటే నీళ్ళని వాడికి తెలిసిపోయింది. తల్లిగా నేను చూడకూడనివి చాలా చూశాను గానీ, ఆకలితో ఉన్న పిల్లాడు పాలకు భయపడడం చూసిన తరవాత మిగిలినవన్నీ చిన్నవే.

"అమ్మగోరూ, ఏటి సేత్తన్నారు? గుంటడు బిగుసుకుపోతన్నాడు" అంది ఒకరోజు సోములమ్మ.

"నువ్వు అవతలికి జరుగు. నీ నీడ నీళ్ళ మీద పడుతోంది" అంది అత్తగారు.

ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఇంత రోత ఉండేది కాదు, తిట్టి ఊరుకునేదాన్ని. నీళ్ళు పోసిన మరుక్షణం వాణ్ణి గుండెలకు అదుముకునేది, పాదాలు ముద్దు పెట్టుకునేది, అరచేతులు రుద్ది వాడి బుగ్గలకు ఆనించేది. ఆపైన పూజగదిలోకి వెళ్ళి, నా మనవణ్ణి చల్లగా చూడు నాయనా అని బాలకృష్ణుడికి సాగిలపడేది. ఆ వెచ్చటి గదిలో, ఆ కుంపటి పక్కన.

వాడికి దగ్గు పట్టుకుంది. జలుబన్నారు. పాలు చీకుతూ మధ్యలో ఆగి రొప్పేవాడు. నేను గోడ పట్టుకుని లేచి వెళ్ళి అత్తగారి కాళ్ళ మీద పడ్డాను.

"ఉన్నికి అంటు లేదని మీరే అంటారు కదా అత్తయ్యా. ఆ శాలువా ముక్క వాడికి చుట్టి సోములమ్మకు ఇద్దాం. ఒంటికి అంటదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు."

నేను అన్నదాంట్లో తప్పు వెతకడానికి ఆవిడకు కాస్సేపు పట్టింది. ఆవిడ ముఖంలో ఆ కష్టం కనిపించింది కూడా. "అది దేవుడి ఒంటి మీదిదే. తీసి ఆ మనిషి ఒళ్ళో పెట్టమంటావేటి? ఆయనకి కోపం వస్తే మనకి దిక్కెవరు?" అంది చివరికి.

మా ఆయనతో చెప్పాను. ఆయన కొట్టులో తక్కెడ తుడుచుకుంటూ విన్నాడు. "అమ్మకి తెలీదా? మమ్మల్నందరినీ పెంచిన మనిషి" అన్నాడు.

పుష్యమాసం రాబోతుందనగా వాడు పక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంటపడుతున్నాయి. డాక్టరు కావాలంటే కొండలు దిగాలి. ఆ మంచులో, ఆ ఎడ్లబండి మీద పసివాణ్ణి దింపడం ఎవరివల్లా కాదన్నారు. ఆవేళ సంతరోజు కావడంతో అత్తగారు కూడా కొట్టులో కూర్చుంది. సోములమ్మ పాలిచ్చి, వాణ్ణి రాతి మీద పెట్టలేక చేతుల్లోనే ఉంచుకుని నా వైపు చూసింది.

"తీసుకుపో. వాడికి నెమ్మదించేదాకా నీ దగ్గరే ఉంచుకో" అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "రేపు మీ అత్తగోరు నా మీద పడితే? గాసికి ఈ కొట్టు తప్ప మరో కొట్టు లేదు."

"నేనిచ్చానని చెబుతాను. నా బిడ్డ. నేనే ఇచ్చాను."

కనకను వీపుకు మార్చి, వాణ్ణి రొమ్ముల మధ్య పెట్టుకుని పైన గుడ్డ కట్టేసింది. "నా ఒంటికేసి కట్టీసినాను. పొయ్యి కాడ ఎచ్చగుంటాడు. నువ్వు పడుకో అమ్మా" అని వెనక దారిన బేగి బేగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన గోల చెప్పను. అత్తగారు అన్నం ముట్టలేదు. మర్నాడు మా ఆయన గెడ్డ దాటి వెళ్ళి చూసొచ్చాడు. "పొయ్యి పక్కన, దాని ఒళ్ళో నిద్రపోతున్నాడు. రొప్పు తగ్గింది" అని స్వయంగా నాతో చెప్పాడు. చెప్తుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు మెతుకులు నేను ఆ పూటే తిన్నాను. జ్వరం కూడా ఆ పూట రాలేదు.

రొప్పు తగ్గిందని చెప్పిన ఆ నోటితోనే తరవాతి రోజు "వెళ్ళి తెస్తాను" అన్నాడు. ముక్కోటి ఏకాదశి వస్తోందట. వంశం నిలబెట్టే పిల్లవాడు ముక్కోటినాడు కొండవాళ్ళ గుడిసెలో ఉంటే ఆ ఇంటికి అరిష్టమని అవధాన్లు గారు అన్నారట. నేను గుమ్మానికి అడ్డం కూర్చున్నాను. నన్ను దాటుకుని వెళ్ళాడు.

వాణ్ణి తెచ్చేసరికి బుగ్గల్లో రంగుంది. నన్ను చూసి నవ్వాడు కూడా. చేతికి నల్లదారం కట్టి ఉంది. వాడి కోసం సోములమ్మ తన ఊరి అమ్మోరికి కోడిని కోసిందట. అత్తగారు ఆ దారాన్ని చీపురుపుల్లతో ఎత్తి అవతల పారేసింది. ఒక్కపూట అంటుకు ఒక బిందె అయితే, కొండగుడిసెలో పడుకుని వచ్చిన అంటుకు ఎన్ని బిందెలో మీరే ఊహించుకోండి. అవధాన్లు గారు మంత్రాలు చదువుతూ ఉంటే, మా ఆయన తోడుతూ ఉంటే, అత్తగారు పోస్తూ ఉంది. ముందు పంచగవ్యం నాకించారు. ఆవు పేడా, ఆవు పంచితమూ వాడి నాలుకకు పవిత్రం, సోములమ్మ చర్మం అపవిత్రం. నేను పరిగెత్తబోతే పక్కింటివాళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఆపారు. నా మంచికేనట.

మర్నాడు పొద్దు నెత్తి మీదికి వచ్చేవేళ వాడు నా ఒళ్ళో పోయాడు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. వాడి గుండె మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉన్నాను. ఇంకోసారి కొట్టుకుంటుందేమో అని.

అవధాన్లు గారు ఓదార్చడానికి వచ్చారు. "ఆ గుడిసెలో ఏ గాలి సోకిందో తల్లీ. పోనీ, పుణ్యాత్ముడు. బాలకృష్ణుడికి ముద్దొచ్చి తన దగ్గరికే పిలిపించుకున్నాడు" అన్నారు. అత్తగారు గుండెలు బాదుకుంటూ, "నా బంగారాన్ని ఆ పాడు కొంప మింగేసింది" అని ఏడ్చింది. మా ఆయన తల ఊపాడు. రొప్పు తగ్గిందని నాతో చెప్పిన మనిషి, ఆ కొంపే మింగిందంటే తల ఊపాడు. ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు. పాచిపోయిన అన్నం నోట్లో పెట్టుకున్నట్టయింది.

అయినా అప్పటికి కూడా దేవుడు లేడని నేను అనుకోలేదు. ఉన్నాడనే అనుకుని తిట్టుకున్నాను. ఎందుకు చేశావు, నేనేం పాపం చేశానని దెబ్బలాడాను. లేనివాడితో ఎవరూ దెబ్బలాడరు కదా.

పసివాడు కాబట్టి మైల తొందరగానే తీరిపోయింది. ఇల్లు కడిగారు, పూజ మళ్ళీ మొదలయింది. ఆవేళ అత్తగారు నీళ్ళచెంబు ఎత్తలేకపోయింది. పాపం, మనిషి సగమైపోయింది. "సీతాలూ, ఆ చెంబు పూజగదిలోకి అందుకో తల్లీ" అంది. తలస్నానం చేసి ఉన్నాను, మడిబట్ట కట్టుకుని ఉన్నాను. చెంబు అందుకున్నాను. లోహం చేతికి వెచ్చగా తగిలింది. వేలు ముంచాను.

గోరువెచ్చగా, ఎంత హాయిగా ఉన్నాయో ఆ నీళ్ళు. చంటిపిల్లలకు ఎంత వేడి కావాలో అంతే వేడి. ఆవిడకు తెలుసు. పసివాడి ఒంటికి ఎలాంటి నీళ్ళు పొయ్యాలో మా అత్తగారికి బాగా తెలుసు.

చెంబు అక్కడే పెట్టి, నూతి దగ్గరికి వెళ్ళి బిందెడు తోడాను. చేతులు కొంకర్లు పోయాయి. తెచ్చి బాలకృష్ణుడి నెత్తిన గుమ్మరించాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తెచ్చాను. పూలు కొట్టుకుపోయాయి, కుంపటి ఆరిపోయింది. అత్తగారు గోడకు చేరబడి, "ఆయనకి చలే, చలి వేస్తుందే, వద్దే" అని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ రాతి దగ్గర ఆవిడ నోట ఒక్కసారైనా రావలసిన మాట, ఇక్కడ వచ్చింది. ఆవిడ వైపు చూడడానికి కూడా నాకు అసహ్యం వేసింది.

బిందె పెట్టేసి బాలకృష్ణుడి ఎదురుగా కూర్చున్నాను. నా కొడుకు గుండె మీద వేసినట్టే ఆ విగ్రహం గుండె మీద చెయ్యి వేశాను. చూశాను. రొప్పలేదు, వణకలేదు. వెన్నముద్ద అలాగే ఉంది, నవ్వు అలాగే ఉంది. అంతే, నాకు ఇక ఆయనతో దెబ్బలాట లేదు. తిట్టడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

పక్కన మడతపెట్టి ఉన్న శాలువా ముక్క తీసుకుని పెరట్లోకి వచ్చేసరికి, వెనక దారి దగ్గర సోములమ్మ నిలబడి ఉంది. వీపున కనక. ఇక రావద్దని మా ఆయన చెప్పినా వచ్చింది. పాలు చేపి రొమ్ములు సలుపుతున్నాయని, గుంటడు ఏం తాగుతున్నాడో చూసి పోదామని వచ్చిందట. కబురు గెడ్డ దాటలేదు.

చెప్పాను.

ఆమె ఏడవలేదు. నూతి దగ్గరి రాతి వైపు చూసింది. కట్టుకున్న గుడ్డ గుండెల మీద తడిసిపోతోంది. బిడ్డ లేడని ఆ పాలకు ఎవరూ చెప్పలేదు.

"మా అమ్మోరికి కోడిని కోసినాను కదా" అంది అర్థం కానట్టు.

మీ అమ్మోరూ అంతే సోములమ్మా, అందామనుకున్నాను. ఆవేళ ఆమెకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. దగ్గరికి వెళ్ళి, వీపు మీద ముడుచుకుని ఉన్న కనకకు శాలువా ముక్క చుట్టాను. దాని కాళ్ళు చల్లగా ఉన్నాయి. రెండు పాదాలూ లోపలికి పెట్టి కొస దోపాను. మైల అంటిన నా చేతుల్ని అత్తగారు గుమ్మంలోంచి చూస్తోంది.

సోములమ్మ ఆ ఉన్నిని తడిమి చూసి వెనక్కి జరిగింది.

"ఇది మీ దేవుడిది కదమ్మా. మరాయనకి సలెయ్యదా?"

"వెయ్యదు. నీళ్ళు పోసి చూశాను" అన్నాను.